సర్వేయరు రాసిందే వేదమా?

సరుకుల ఆటో బోల్తా పడి షెడ్డుకు చేరితే యజమాని అడిగేది ఒకటే: ‘సర్వేయరు ఎంత రాశాడు?’ పల్లెల్లో సర్వేయరంటే గొలుసు పట్టి పొలం కొలిచే మనిషి. బీమా సర్వేయరు లెక్క కట్టేది విరిగిన బండికి. ఆయన వేసే అంకె మీదే ఆటో మళ్లీ రోడ్డెక్కడం, ఫైనాన్సు వాయిదా కట్టడం ఆధారపడి ఉంటాయి.

మోటారు నష్టం రూ.50 వేలు, ఆపైన ఉంటే లైసెన్సు ఉన్న సర్వేయరే అంచనా వేయాలి. లైసెన్సు ఇచ్చేది హైదరాబాదులోని బీమా నియంత్రణ సంస్థ. ఆయనను పంపేది మాత్రం బీమా కంపెనీ. ఫీజు ఇచ్చేదీ కంపెనీయే. అందుకే ‘కంపెనీ మనిషి’ అన్న అనుమానం. అయితే కోతలో చాలా భాగం ఆయన చేతిలో లేదు. పాలసీలోనే అచ్చయి ఉంది.

ఆరేళ్ల ఆటోకు షెడ్డు బిల్లు రూ.54 వేలు అయిందనుకుందాం. ఇనుప భాగాలు రూ.30 వేలు. అయిదేళ్లు దాటి పదేళ్లలోపు బండికి వీటిపై తరుగు 40 శాతం, కనుక వచ్చేది రూ.18 వేలు. ప్లాస్టిక్, రబ్బరు భాగాలు రూ.10 వేలు. బండి వయసు ఎంతైనా వీటికి సగమే, అంటే రూ.5 వేలు. అద్దం రూ.4 వేలు, కూలి రూ.10 వేలు. వీటికి తరుగు లేదు. మొత్తం రూ.37 వేలు. ఇందులోంచి పాలసీలో రాసిన మినహాయింపు, పాత సామాను విలువ కూడా తీసేస్తారు. తక్కిన రూ.17 వేల పైచిలుకు యజమాని నెత్తిన పడుతుంది. చేతిలో లేకపోతే మూడు రూపాయల వడ్డీకి తేవలసిందే.

పాలసీ తీసుకునే రోజు చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. లారీలు, సరుకుల ఆటోల వంటి వాణిజ్య వాహనాలకు లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బంపర్లు, రంగు మామూలు పాలసీలో రావు. బండి పూర్తిగా ధ్వంసమైతేనే లెక్కలోకి వస్తాయి. అదనపు ప్రీమియం కట్టి ‘ఐ.ఎం.టి.-23’ రాయించుకుంటే వీటికీ కొంత వస్తుంది. ఇక చౌక అని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవారికి సొంత బండి నష్టం కింద పైసా రాదు.

యజమానుల తొందరపాటూ నష్టం తెస్తోంది. కంపెనీకి తెలపకుండా, సర్వేయరు చూడకముందే బండి విప్పిస్తే దెబ్బ ఎంతో రుజువు చేయడం కష్టం. ప్రమాదం జరిగిన చోటే ఫొటోలు తీయించాలి. వెంటనే కంపెనీకి కబురు చేసి నంబరు రాసుకోవాలి. మార్చిన పాత భాగాలను సర్వేయరు మళ్లీ చూసేదాకా పారేయరాదు. ఆర్.సి., లైసెన్సు, పర్మిట్, ఫిట్‌నెస్ కాగితాల్లో ఏది గడువు దాటినా పేచీ తప్పదు.

సర్వేయరు అంకె అన్యాయమనిపిస్తే మౌనంగా సంతకం పెట్టనక్కర లేదు. నివేదిక ప్రతి అడిగి తీసుకునే హక్కు పాలసీదారుకు ఉంది. సర్వేయరు నివేదికే తుది మాట కాదని 2009లో ఒక లారీ ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు కూడా తట్టవచ్చు. షెడ్డు బిల్లులు, ఫొటోలు మాత్రం జాగ్రత్తగా ఉంచుకోవాలి.

ఏ భాగానికి ఎంత తరుగో పాలసీ అమ్మే రోజే తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇస్తే సగం తగాదాలు పుట్టవు. ప్రీమియం వసూలుకు ఇంటిదాకా వచ్చే ఏజెంట్లు ఈపాటి చేయలేరా? కంపెనీలు ఆలోచించాలి. కట్టేవారూ అడిగి తీరాలి.