సర్పంచి ఖర్చు లెక్క ఊరందరికీ తెలియాలి

తెలంగాణలో సర్పంచి అభ్యర్థి ఖర్చు పెద్ద పంచాయతీలో 2.5 లక్షల రూపాయలు, 5,000 లోపు జనాభా ఉన్నచోట 1.5 లక్షలు దాటకూడదు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. ఆ కాగితాలు మండలాఫీసు బీరువాలో మగ్గితే ఎవరికి లాభం?

2024 మార్చిలో ఎన్నికల బాండ్ల లెక్కకి స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువడిగింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మార్చి 21న నంబర్లు బయటికొచ్చాయి. వెంటనే కంప్యూటర్ ప్రోగ్రాములతో ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో జతకలిపి జనం ముందు పెట్టారు.

మన ఊరి లెక్కకీ అదే జరగాలి. కంప్యూటర్ కూడగలిగేలా పట్టికలుగా అచ్చుకెక్కించి అందరికీ ఇవ్వాలి. అయితే యంత్రం రాసిందే కూడుతుంది, రాయనిది చెప్పదు. జీపులు, మైకులు, పంచిన సీసాలు కళ్లారా చూసింది కూలీజనం. పట్టిక పట్టుకుని గ్రామసభలో నిలదీయాల్సిందీ మనమే. పెట్టిన సొమ్ము రేపు మన పనుల బిల్లుల్లోంచి లాగకుండా ఆపాలంటే, మిత్రులారా, ఇవాళే లెక్క అడగండి!