సైన్స్ పార్క్ కబుర్లు: గుండు సీసానిదా, రాగిదా?

సింగపూర్‌లో కూర్చుని వేట గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. పిస్తోలు ఆకారంలో ఉన్న సిగరెట్ లైటరును కూడా దేశంలోకి తేనివ్వని ఊరు ఇది. అయినా ఈ నెల వేట గురించే రాస్తున్నాను. కారణం మిన్నెసోటా నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం.

ఆమె భర్త ఆఫీసు స్నేహితులతో కలిసి రెండేళ్ళుగా నవంబరులో జింకల వేటకు వెళ్తున్నారట. లైసెన్సు తీసుకుని, పద్ధతిగానే. ఈ మధ్య గరాజ్‌లో ఒక బల్ల వేసుకుని తూటాలు కూడా సొంతంగా తయారు చేసుకుంటున్నారు. ఫ్రీజర్ నిండా జింక కీమా ఉంది. ఆమెకు ఐదో నెల, ఇంట్లో మూడేళ్ళ బాబు. "అక్కా, తుపాకీ మందు ఇంట్లో ఉంటే ప్రమాదమా?" అని అడిగింది.

మందు సంగతి చివర్లో చెప్తాను. ఉత్తరం చదవగానే నాకు ముందు భయం వేసింది ఆ కీమా గురించి.

మనం మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం గానీ తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు. జింకకు తగిలేది గుండు ఒక్కటే. కాల్చాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని మళ్ళీ వాడుకోవచ్చు. దానికి కొత్త ప్రైమరు, కొలిచిన మందు, కొత్త గుండు పెట్టి తిరిగి తూటా చేసుకోవడాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు.

ఇది డబ్బు ఆదా కోసమే చేసే పని కాదు. ఒకే కంపెనీ చేసిన రెండు రైఫిళ్ళకు కూడా ఒకే తూటా నప్పకపోవచ్చు. అందుకని మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు, అంటే మన కంసాలి వాడే గురిగింజలో దాదాపు సగం ఎత్తు. తయారీదారులు ప్రచురించిన పట్టికల హద్దులు దాటకుండా, మందు కొలత కొంచెం కొంచెంగా మారుస్తూ కొన్ని రకాలు చేసి, వంద గజాల దూరంలో అట్టకు గురిపెట్టి కాలుస్తారు. మూడు రంధ్రాలూ అంగుళంలోపు పడితే ఆ రైఫిల్‌కు ఆ కొలత కుదిరినట్టు. గురి కుదిరితే జంతువు ఒక్క దెబ్బతో పోతుంది, గాయంతో అడవిలో పడి అల్లాడదు. మంచి వేటగాళ్ళు ఇంత తాపత్రయపడేది అందుకే.

ఇంత జాగ్రత్తగా చేసిన తూటాలో ఆ గుండు దేనితో చేసిందన్నదే మనకు కావలసిన సంగతి. వందల ఏళ్ళుగా అది సీసమే. సీసం చవక, మెత్తన. 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. బరువు కూడా ఎక్కువ, ఘన సెంటీమీటరు 11.34 గ్రాములు. ఇప్పటి రైఫిల్ గుండుకు పైన పలచటి రాగి తొడుగు ఉంటుంది, లోపల సీసం.

మా సైన్స్ పార్క్‌ను ఆనుకుని కెంట్ రిడ్జ్ కొండ ఉంది. 1942 ఫిబ్రవరి 13, 14 తేదీల్లో మలయ్ రెజిమెంట్ సైనికులు జపాన్ సేనను అడ్డుకున్న చోటు అది. సైనికులు వాడే గుండు పూర్తి తొడుగుతో ఉంటుంది. తగిలాక విచ్చుకునే గుండును యుద్ధంలో వాడకూడదని 1899లోనే హేగ్‌లో ఒప్పుకున్నారు. అలాంటి గుండుకు "డమ్ డమ్" అన్న పేరు మన కలకత్తా పక్కన ఉన్న దమ్ దమ్ ఆయుధ కర్మాగారం నుంచే వచ్చింది. వేటలో మాత్రం విచ్చుకునే గుండే కావాలి. అప్పుడే జంతువు త్వరగా చనిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. వేగంగా వెళ్ళి మాంసంలో విచ్చుకునేటప్పుడు సీసం ముక్కలు ముక్కలుగా చిట్లిపోతుంది. కొన్ని ముక్కలు కంటికి కూడా ఆనవు.

ఎంత చిట్లుతుందో 2008 దాకా చాలామంది వేటగాళ్ళకే తెలియదు. ఆ ఏడాది నార్త్ డకోటాలో విలియం కార్నట్‌సర్ అనే చర్మవైద్యుడు, ఆయన కూడా వేటగాడే, పేదల కోసం దానమిచ్చిన జింక కీమా పొట్లాలు సుమారు వంద తెచ్చి సీటీ స్కాన్ తీయించారు. సగానికి పైగా పొట్లాల్లో లోహపు తునకలు కనిపించాయి. ఆ రాష్ట్రం అలా దానంగా వచ్చిన కీమాను పారేయమని ఆహార కేంద్రాలకు చెప్పింది. మరుసటి ఏడాది వచ్చిన ఒక అధ్యయనంలో 30 జింకల శరీరాలను ఎక్స్‌రే తీశారు. పేగులూ అవీ తీసేశాక కూడా ఒక్కో జింకలో సగటున 136 తునకలు ఉన్నాయి. మామూలు మాంసపు దుకాణాల్లో శుభ్రంగా కోయించిన తరవాత కూడా, ఆ 30 జింకల్లో 24 జింకల కీమాలో తునకలు మిగిలే ఉన్నాయి. ఆ మాంసాన్ని పందులకు పెట్టి చూస్తే వాటి రక్తంలో సీసం పెరిగింది.

"గాయం చుట్టూ కోసి పారేస్తాం, బాగా కడుగుతాం కదా" అంటారు. మిన్నెసోటా రాష్ట్రం వాళ్ళే 2008లో పరీక్షించి చూశారు. గాయానికి అడుగుకు పైగా దూరంలో కూడా కణాలు దొరికాయి. కడిగితే పోవడానికి బదులు ఇంకా వ్యాపించాయి.

ఇక మన వంట సంగతి. జింక మాంసం గట్టిగా ఉంటుందని మనవాళ్ళు నిమ్మరసం, పెరుగు పట్టించి రాత్రంతా నానబెడతారు, లేదా చింతపండు పులుసు పోసి ఉడికిస్తారు. సీసం పులుపులో కరుగుతుంది. స్పెయిన్‌లో కౌజుపిట్టల మాంసంలో సీసపు రవ్వలు ఉంచి వండి చూస్తే, వెనిగర్ వేసి వండిన దాంట్లోకి ఎక్కువ సీసం దిగింది. ఉడికించినంత మాత్రాన లోహం ఎక్కడికీ పోదు. క్రిములకు చెల్లే ఉపాయాలు సీసానికి చెల్లవు.

సీసం అనే మాట మనవాళ్ళు ఒక్కసారిగా విన్నది 2020 డిసెంబరులో, ఏలూరులో వందల మంది మూర్ఛలతో పడిపోయినప్పుడు. ఎయిమ్స్ తొలి పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. తరవాత నిపుణుల అనుమానం పురుగుమందుల మీదికి మళ్ళింది. కానీ మన సంగతి అలా ఒక్కరోజులో కుప్పకూలే రకం కాదు. కొంచెం కొంచెంగా లోపలికి వెళ్ళే సీసం ఏ నొప్పీ చూపించదు. పిల్లల మెదడు ఎదుగుదలను, చదువును, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదని చెప్పగల హద్దు లేదు. అమెరికాలో పిల్లల రక్తానికి పెట్టిన హెచ్చరిక స్థాయిని 2021లో డెసిలీటరుకు 5 నుంచి 3.5 మైక్రోగ్రాములకు దించారు.

ఆడవాళ్ళకు ఇందులో ఇంకో మెలిక ఉంది. శరీరం సీసాన్ని కాల్షియమని పొరబడి ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడ అది దశాబ్దాలు ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు బిడ్డ కోసం ఎముకల నుంచి కాల్షియం కరిగి వస్తుంది కదా, దానితో పాటు పాత సీసం కూడా వచ్చి మాయ దాటి బిడ్డను చేరుతుంది. తిన్న సీసంలో పెద్దవాళ్ళకంటే పిల్లలకు నాలుగైదు రెట్లు ఎక్కువ ఒంటికి పడుతుంది. ఐరన్, కాల్షియం తక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. మన ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత మామూలో మీకు నేను చెప్పక్కర్లేదు.

అలాగని ఆయన్ను వేట మానేయమని పోట్లాడక్కర్లేదు. గుండు మారిస్తే చాలు. మొత్తం రాగితో చేసిన గుండ్లు అమెరికాలో 1989లో బార్న్స్ కంపెనీ ఎక్స్ బుల్లెట్‌తో పేరులోకి వచ్చాయి. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి. ముందుభాగంలో చిన్న గుంట ఉంటుంది. తగలగానే అది పూరేకుల్లా నాలుగువైపులకూ విచ్చుకుంటుంది, కానీ సీసంలా పొడి కాదు. దాదాపు మొత్తం గుండు ఒకే ముక్కగా మిగులుతుంది.

సొంతంగా తూటాలు చేసుకునేవారికి రాగి వేరే లెక్క. రాగి సాంద్రత 8.96 మాత్రమే. అదే బరువు, అదే లావు కావాలంటే గుండు దాదాపు పాతిక శాతం పొడవు కావాలి. పొడవు గుండు నిలకడగా పోవాలంటే గొట్టంలో ఎక్కువ వేగంగా తిరగాలి. అన్ని రైఫిళ్ళూ అంత తిప్పలేవు. అందుకే చాలామంది రాగికి మారినప్పుడు ఒక మెట్టు తేలిక గుండు తీసుకుంటారు. పొడవు గుండు ఇత్తడి గొట్టంలో మందు చోటును కూడా ఆక్రమిస్తుంది. రాగి గట్టిది కాబట్టి ఒత్తిడి కూడా మారుతుంది. సీసపు గుండుకు కుదిరిన మందు కొలతను అదే బరువు రాగి గుండుకు వాడితే ప్రమాదం. గుండు చేసిన కంపెనీ దానికోసమే ఇచ్చిన పట్టికతో మొదటి నుంచి మొదలుపెట్టాలి. పైగా వేగం బాగా తగ్గితే రాగి సరిగా విచ్చుకోదు, కాబట్టి మరీ దూరం నుంచి కాల్చకూడదు. ఇవన్నీ ఆయనకు కొత్త సరదాలే అవుతాయి లెండి. అట్ట మీద మళ్ళీ మొదటి నుంచి గురి కుదుర్చుకోవాలి!

ఇది ఒక్క మన ఇళ్ళ గొడవ కాదు. కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందు 1980లలో ఇరవై చిల్లరకు పడిపోయింది. వేటగాళ్ళు అడవిలో వదిలేసిన జంతువుల పేగుల్లోని సీసం తిని చనిపోవడం దానికి ఇప్పటికీ పెద్ద గండం. మన దగ్గర పశువులకిచ్చే డైక్లోఫెనాక్ రాబందులను తుడిచిపెట్టింది, అక్కడ ఆ పని సీసం చేసింది. కాలిఫోర్నియా 2013లో చట్టం తెచ్చి 2019 జులై 1 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా నిషేధించింది. డెన్మార్క్ 2024 ఏప్రిల్ నుంచి రైఫిల్ గుండ్లలోనూ ఆపేసింది. అక్కడ వేట ఆగిపోలేదు.

ఇప్పుడు ఆ గరాజ్ బల్ల. మందును దాని అసలు డబ్బాలోనే, నిప్పుకు దూరంగా, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. అంతకంటే ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. గుండు రాగిదైనా, మామూలు ప్రైమర్లలో లెడ్ స్టిఫ్నేట్ అనే సీసపు రసాయనం ఉంటుంది. కాల్చిన ఇత్తడి గొట్టాలకు అంటుకున్న మసిలో, వాటిని మెరిపించే యంత్రం నుంచి లేచే దుమ్ములో సీసం ఉంటుంది. ఆ పని భోజనాల బల్ల మీద, పిల్లాడు పాకే చోట అస్సలు వద్దు. చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆయన బట్టలు విడిగా ఉతకాలి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిల్లాణ్ణి ఎత్తుకోవాలి. ఆ బల్ల తుడిచే పని కడుపుతో ఉన్నామె చేయకూడదు, ఆయనే చేసుకోవాలి.

ఫ్రీజర్‌లో ఉన్న కీమా సీసపు గుండుతో కొట్టినదైతే గర్భిణులకు, పిల్లలకు పెట్టకండి. ఏ గుండో తెలియకపోయినా అంతే. ఇప్పటికే తిని ఉంటే కంగారు పడకుండా డాక్టరుకు చెప్పి తల్లికీ బాబుకీ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. బాణంతో కొట్టిన జింకకైతే ఈ బెడద లేదు. సూపర్‌మార్కెట్లో అమ్మే పెంపకపు జింక మాంసం సంగతి కూడా వేరు, అది కబేళా నుంచి వస్తుంది.

మీ ఇంట్లో వేట లేకపోయినా, టెక్సస్‌లోనో విస్కాన్సిన్‌లోనో పక్కింటివాళ్ళు ప్రేమగా ఒక పొట్లం తెచ్చి ఇస్తారు. తీసుకునే ముందు "రాగి గుండా, సీసమా?" అని ఒక్క మాట అడగండి. నిజమైన వేటగాడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. అరగంట కూర్చోబెట్టి మరీ చెప్తాడు.