మా మొహం నమ్మారు, మా చెక్కు నమ్మరా?

"చెక్కులా? ఇంకా ఎవరు రాస్తున్నారండీ చెక్కులు!" అంటారు ఫోను బ్యాంకులవాళ్ళు. ఆ మాటలో ఎంత జాలి! ఇంకా రోట్లోనే పిండి రుబ్బుతున్నారా అని అడిగినట్టు ఉంటుంది.

ఫోను బ్యాంకంటే మీకు తెలియనిదేం కాదు. బ్రాంచి ఉండదు, కౌంటరు ఉండదు, దారంతో కట్టేసిన పెన్ను ఉండదు. అరచేతిలో ఉన్న ఫోనే బ్యాంకు. నిజానికి మన దేశంలో పూర్తిగా బ్రాంచి లేని బ్యాంకంటూ పెట్టుకోవడానికి రిజర్వు బ్యాంకు విడిగా లైసెన్సేమీ ఇవ్వలేదు. ఇవ్వవచ్చని 2022 జూలైలో నీతి ఆయోగ్ సిఫారసు మాత్రం చేసింది. ఇప్పుడు మనం చూస్తున్నవి చాలామట్టుకు ఏదో ఒక మామూలు బ్యాంకు వీపెక్కి కూచున్న ఫోను ఖాతాలే. అయితేనేం, వాడుకునే మనిషికి మాత్రం ఆ ఫోనే బ్యాంకు, ఆ ఫోనే మేనేజరు.

ఇంతకీ చెక్కులు ఎవరు రాస్తున్నారు? నేను చెబుతాను, రాసుకోమనండి. చీటీ పాడుకుంటే చిట్‌ఫండు కంపెనీ చేతిలో పెట్టేది చెక్కు. ఇల్లు ఖాళీ చేస్తే, పెద్దవయసు ఇంటాయన అడ్వాన్సు తిరిగిచ్చేది చెక్కు. పెళ్ళిలో మేనమామ కవరులో పెట్టి చదివించేది చెక్కు. ట్రస్టులు పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్పు చెక్కు. ఇద్దరు సంతకం పెడితే గాని డబ్బు కదలకూడదని నియమం పెట్టుకున్న సంఘాలు, కమిటీలు, అపార్టుమెంటు అసోసియేషన్లు చాలావాటికి నేటికీ చెక్కుపుస్తకమే దిక్కు. మా రచయిత్రులకు వచ్చే పారితోషికం సంగతి సరేసరి. అది కాఫీపొడికి చాలదనుకోండి, అయినా చెక్కే!

"అందరూ యూపీఐలో వెయ్యొచ్చుగా?" అంటారు. వెయ్యొచ్చు. కాని ఎలా ఇవ్వాలో ఇచ్చేవాడి ఇష్టం. పుచ్చుకునేవాళ్ళది ఎప్పుడూ కింద చెయ్యే. "నాకు చెక్కొద్దు, ఫోనులో వెయ్యండి" అని చీటీల కంపెనీతోనో, స్కూలు కరస్పాండెంటుతోనో దబాయించగల ఆడవాళ్ళు మనలో ఎంతమంది?

మా వీధి చివర ఒకావిడ కుట్టుపని చేస్తుంది. పేరెందుకులెండి. ఓ ప్రైవేటు స్కూలువాళ్ళు పిల్లల యూనిఫారాలు కుట్టమని ఆర్డరిచ్చారు. రెండు నెలలు మిషను మీద వంగి వంగి నడుము పడిపోయింది పాపం. చివరికి 18,400 రూపాయలకి చెక్కిచ్చారు. మూలన రెండు అడ్డగీతలు, మధ్యన ఆవిడ పేరు. ఖాతాలో వేసుకోవాల్సిందే, కౌంటరులో నగదివ్వరు. ఖాతా ఆవిడకి ఉంది. ఎవరినీ అడక్కుండా, ఎవరి సంతకమూ లేకుండా ఫోనులో తనంతట తాను తెరుచుకున్న ఖాతా. తీరా చెక్కు ఎలా వెయ్యాలని ఆ ఫోన్నే అడిగితే, "మీకు దగ్గరలో ఉన్న మా భాగస్వామి బ్యాంకు శాఖలో దాఖలు చేయగలరు" అని సెలవిచ్చింది. ఆ దగ్గర శాఖ 14 కిలోమీటర్ల దూరం. రెండు బస్సులు మారాలి. ఓ పూట మిషను ఆగిపోవాలి.

"ఇటియ్యి, నేను వేసొస్తాలే" అన్నాడు ఇంటాయన. చెడ్డవాడేం కాడు. సాయానికే అన్నాడు. అయితే చెక్కు తీసుకున్నాడు కదా, అంకె చూడకుండా ఎలా ఉంటాడు? చూశాడు. "ఇంత వచ్చిందా!" అన్నాడు. అంతే. బండికి కొత్త టైర్లు గుర్తొచ్చాయి. ఆడపడుచుకి చేబదులు గుర్తొచ్చింది. డబ్బు ఖాతాలో పడకముందే ఇంట్లో ఖర్చయిపోయింది.

ఇది చిన్న విషయమంటారా? నేనలా అనుకోను. సొంత ఖాతా అంటే సొంతంగా తలుపు తీసుకోగలగాలి. తలుపు తాళం ఆవిడ చేతికిచ్చి, సామాను మాత్రం ఆయనగారే మోసుకొచ్చి పెట్టాలంటే అది ఎవరి ఇల్లు?

మన అమ్మమ్మలకి పోపులడబ్బా ఉండేది. ఆవాల కింద అయిదు, మెంతుల కింద పది. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు ఆ డబ్బాలన్నీ ఒక్కసారి బోర్లించాల్సి వచ్చింది. బియ్యం డ్రమ్ములోంచి, చీర మడతల్లోంచి, దేవుడి పటాల వెనకనుంచి ఏళ్ళ తరబడి దాచుకున్న నోట్లు తీసి, దొంగతనం చేసినదానిలా మొగుడి చేతిలో పెట్టినవాళ్ళు నాకు తెలుసు. బ్యాంకులో వేసుకుంటే ఇదంతా ఉండేది కాదుగా అని అప్పుడు అందరూ మనకి బుద్ధులు చెప్పారు. సరే, విన్నాం. ఖాతాలు తెరిచాం. 2014లో మొదలైన జనధన ఖాతాల్లో సగానికి పైగా ఆడవాళ్ళవే. ఆ తర్వాత ఫోను ఖాతాలూ వచ్చాయి. పోపులడబ్బాలాగే ఇదీ చేతికందేదే, పైగా ఎవరూ మూత తీసి చూడలేనిది అని సంతోషించాం. కాని పోపులడబ్బాలో ఏం పడేసినా పట్టేది. ఇందులో చెక్కు పట్టదుట!

ఎందుకు పట్టదు అని అడిగితే, "భద్రత" అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక వెసులుబాటు ఇచ్చింది. వీడియోలో మనిషిని చూసి, కార్డు చూసి, ఖాతా తెరవవచ్చని. అప్పటినుంచి ఈ ఫోను బ్యాంకులు మన మొహాన్ని కెమెరాలోనే చూసి నమ్ముతున్నాయి. కళ్ళు ఆర్పమంటే ఆర్పాం, తల తిప్పమంటే తిప్పాం. సంతకం తెల్లకాగితం మీద పెట్టి చూపించమంటే చూపించాం. నిలువెత్తు మనిషిని ఫోటోలో చూసి నమ్మినవాళ్ళు జానెడు చెక్కుని ఫోటోలో చూసి నమ్మలేరా?

అన్నిటికన్నా విచిత్రం ఇంకొకటుంది. మనం ఎండలో పడి వెళ్ళి బ్రాంచి పెట్టెలో వేసే చెక్కుని వాళ్ళు ఏం చేస్తారో తెలుసా? ఫోటో తీస్తారు! అవునండీ. పూర్వం చెక్కు కట్టల్లో చేరి క్లియరింగ్ హౌసుకి వెళ్ళి, అక్కడినుంచి రాసినవాడి బ్యాంకుకి ప్రయాణం చేసేది. 2008లో ఢిల్లీలో ఆ ప్రయాణం మానిపించడం మొదలుపెట్టారు. 2020 నాటికి దేశమంతటా మానేశారు. ఇప్పుడు కాగితం మనం వేసిన బ్యాంకులోనే ఆగిపోతుంది. అవతలి బ్యాంకుకి వెళ్ళేవి బొమ్మలే. ముందువైపువి రెండు, వెనకవైపుది ఒకటి. ఆ బొమ్మలో సంతకం చూసే డబ్బు ఇస్తారు. 2025 అక్టోబరు 4 నుంచి మరీ చురుకు పెరిగింది. పగటిపూట వచ్చిన చెక్కు వచ్చినట్టే బొమ్మ తీసి పంపాలి, అవతలి బ్యాంకు రాత్రి 7 లోగా అవుననో కాదనో చెప్పాలి. అంటే దేశం ఈ చివరినుంచి ఆ చివరికి చెక్కు బొమ్మ ఒక్క పూటలో వెళుతుందన్నమాట. మా కుట్టుమిషను ఆవిడ చెక్కు మాత్రం 14 కిలోమీటర్లు వెళ్ళడానికి వారం పట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే చెక్కుకే నూకలు చెల్లుతాయి. 2012 ఏప్రిల్ నుంచి దాని ఆయుష్షు మూడు నెలలే కదా!

కాబట్టి పేచీ ఫోటోతో కాదు. ఫోటో ఎవరు తియ్యాలన్నదే పేచీ. చట్టం చూస్తే ఆ సంగతి తేటతెల్లమవుతుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టాన్ని 2002లో సవరించి, చెక్కు బొమ్మకి కూడా చెక్కుతో సమానమైన హోదా ఇచ్చారు. కాని కాగితాన్ని ఆపి బొమ్మని ముందుకి పంపే అధికారం క్లియరింగ్ హౌసుకీ బ్యాంకుకీ మాత్రమే రాశారు. ఖాతాదారు ఊసే లేదు. ఇరవై ఏళ్ళ కిందట సరే, అప్పుడు మన చేతుల్లో కెమెరాలు లేవు. ఇప్పుడు కూరగాయల బండి దగ్గరకూడా ఫోను పెట్టి చదివించి డబ్బిస్తున్నాం కదా, ఆ ఒక్క వాక్యం మార్చమని ఈ ఫోను బ్యాంకులు గట్టిగా ఎందుకు అడగవు? పండక్కి తగ్గింపులిచ్చే బిస్కెట్ల కంపెనీలాగా రోజుకో ప్రకటన పంపడానికి మాత్రం తీరిక ఉంటుంది.

అమెరికాలో మన పిల్లలున్న ఇళ్ళకి వెళ్ళినవాళ్ళు ఈ పని చూసే ఉంటారు. వంటగట్టు మీద చెక్కు పెట్టి, వెనకాల సంతకం చేసి, అటో ఫోటో ఇటో ఫోటో తీసి, మళ్ళీ పోపులోకి వెళ్ళిపోతారు. అక్కడిది ఎలా వచ్చిందో వింటే నా వాదన మీకు ఇంకా బాగా తెలుస్తుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత విమానాలు కొన్నాళ్ళు ఆగిపోయాయి. చెక్కుల మూటలు మోసేవి ఆ విమానాలే. చెక్కులన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. దాంతో 2003లో చట్టం చేశారు, 2004 అక్టోబరు నుంచి అమలు. ఇక ఫోనుతో ఫోటో తీసి చెక్కు వేసుకునే వీలు 2009లోనే తెచ్చిన బ్యాంకుల్లో ముఖ్యమైనది యు.ఎస్.ఎ.ఎ. అది సైనికులకీ వాళ్ళ కుటుంబాలకీ ఉద్దేశించినది. ఖాతాదారులు దేశదేశాల్లో ఉంటారు, బ్రాంచీలు లేవన్నంత తక్కువ. బ్రాంచీలు లేవు గనకే ఆ ఉపాయం కావలసి వచ్చింది. మనవాళ్ళు బ్రాంచీలు లేవు గనక కుదరదంటున్నారు!

బ్రిటన్‌లో ఇంకో తమాషా జరిగింది. 2018 అక్టోబరుకల్లా చెక్కులే ఎత్తేస్తామని 2009లో అక్కడి చెల్లింపుల మండలి ప్రకటించింది. ముసలివాళ్ళు, ధర్మసంస్థలు గగ్గోలు పెడితే 2011లో నోరు మూసుకుని ఆ ప్రకటన వెనక్కి తీసుకుంది. చెక్కు చెదరలేదు. పైపెచ్చు 2015లో చట్టం మార్చి, 2017 అక్టోబరు నుంచి చెక్కు బొమ్మలతో క్లియరింగు మొదలెట్టారు. అప్పుడైనా అక్కడి ఫోను బ్యాంకులన్నీ ఒక్క తీరుగా లేవు. కొన్ని చక్కగా ఫోటోకి ఒప్పుకున్నాయి. ఇంకొన్ని, ఫోనులో పుట్టి ఫోనులో పెరిగినవి, చెక్కుని కవరులో పెట్టి తపాలాలో పంపమన్నాయి! చెక్కు పాతకాలపు వస్తువని నవ్వేవాళ్ళే పోస్టుడబ్బా దగ్గరికి వెళ్ళమనడం.

మోసాల మాట నేను కొట్టిపారెయ్యను. ఒకే చెక్కుని రెండు ఖాతాల్లో ఫోటో తీసి వేసే ఘనులు ఉంటారు. అమెరికాలో ఉన్నారు కూడా. అయితే చెక్కుకో నంబరుంటుంది. ఒకసారి డబ్బిచ్చేసిన నంబరుకి అవతలి బ్యాంకు మళ్ళీ ఇవ్వదు. చెక్కు కాగితంలో నీటిగుర్తు, ప్రత్యేకమైన దీపం కింద మాత్రమే కనిపించే ముద్ర ఉంటాయి, ఫోను కెమెరాకి అవి దొరకవు అంటారు. ఇది బలమైన అభ్యంతరమే. ఒప్పుకుంటాను. అందుకే నేను లక్షల చెక్కులు ఫోటో తీసుకోనిమ్మనడం లేదు. 50,000 రూపాయలూ ఆ పైన రాసే చెక్కుల వివరాలు రాసినవాళ్ళే ముందుగా తమ బ్యాంకుకి చెప్పుకునే పద్ధతి 2021 జనవరి నుంచి ఉండనే ఉంది. పెద్దవాటికి ఆ దారి, బ్రాంచి దారి ఉండనివ్వండి. 25,000 లోపు చెక్కులకి ఫోటో ఒప్పుకోండి. నెలకి ఇన్నే అని గిరి గియ్యండి. డబ్బు వచ్చాక రెండ్రోజులు తియ్యనివ్వకండి. కొత్త ఖాతా అయితే ఆర్నెల్లు ఆగమనండి. ఇవన్నీ ఆడవాళ్ళకి అలవాటైన నిబంధనలే, ఏం బాధపడం. బొత్తిగా వద్దనడమే బాధ.

ఫోను వాడడం రానివాళ్ళ గతేమిటని ఒకరు నన్ను నిలదీశారు. వాళ్ళ కోసం బ్రాంచిలో పెట్టె ఉండాల్సిందే. నేను పెట్టె తీసెయ్యమనలేదు, మరో పెట్టె పెట్టమన్నాను.

ఇక చివరికి మిగిలేది కాగితం. బ్రాంచిలో వేస్తే ఆ చెక్కుని బ్యాంకు పదేళ్ళు దాస్తుంది, ఫోటో తీసేశాక మీ ఇంట్లో అది ఎవరు దాస్తారు, రేపు కోర్టుకి కావలసివస్తే ఎక్కడినుంచి తెస్తారు అని అడుగుతున్నారు. డబ్బు పడ్డాక చెక్కు మీద అడ్డంగా "జమ అయినది" అని రాయించి, మూడు నెలల్లో ఎప్పుడో ఒకప్పుడు కవరులో పంపమనండి, పంపుతాం. లేదూ, మీ దగ్గరే ఉంచండంటే ఉంచుతాం. పెళ్ళినాటి బట్టల కొట్టు రసీదు, పిల్లల మొదటి పోలియో చుక్కల కార్డు, అత్తగారి ఇంటి పన్ను కాగితాలు ఇవాళ అడిగినా బీరువాలోంచి రెండు నిమిషాల్లో తీసిచ్చేది ఎవరో, ఆ బ్యాంకు ఆఫీసరుగారిని ఇంటికెళ్ళి కనుక్కోమనండి.