గృహకృత్యములు: కారు మెఱుగు – దాని క్రమము



ఈ నెల మా పొరపాటు నొకదానిని ముందుగా మీతో చెప్పుకొనెదము. మా వారు బడిపంతులు. మూడేండ్లు కూడబెట్టిన సొమ్ముతో మేమొక పాతకారును కొంటిమి. గడచిన దసరా ఆయుధపూజనాటికి అది యద్దమువలె మెఱయవలెనని మాకే తొందర పుట్టినది. దుమ్ము పైపైన దులిపి, పాత తువాలుతో మైనము రుద్దితిమి. మెఱుగు చాలలేదని దానిపై మరల పాలిష్ రుద్దితిమి. సాయంకాలపు టెండలో చూడగా నల్లని బానెట్టు నిండ సాలెగూటివంటి గీతలు! వానిని పోగొట్టుటకై యొక పనివాని కప్పగింపగా, అతడు యంత్రముతో అంచులను మితిమీరి అరగదీసెను. పైపూత పోయి, బానెట్టునకు మరల రంగు వేయింపవలసివచ్చెను. మా యమ్మాయికి వీణ కొనుటకు దాచిన సొమ్ము దానికే సరిపోయెను. పిల్ల యేమియు ననలేదు. అదియే మాకు మఱింత బాధ.

ఆ దిగులులో నుండగా పేరంటమునకని ఏటికొప్పాక వెళ్లితిమి. మా యలమంచిలికి చేరువనే, వరాహనదీతీరమున నున్న యా గ్రామపు లక్కబొమ్మలను ఎఱుగని తెలుగింటివారు అరుదు. 2017లో వానికి భౌగోళికగుర్తింపు లభించినది. అచ్చట నొక వృద్ధశిల్పి పని చేయుచుండగా కొంతసేపు నిలిచి చూచితిమి. అంకుడుకఱ్ఱను ముందుగా ఆరవేయుదురు. పిదప తరిమెనపై త్రిప్పుచు చెక్కి, నునుపుచేయుదురు. అటుపిమ్మట తిరుగుచున్న బొమ్మకు రంగులక్కను అదిమిపట్టగా, ఒరపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టును. కట్టకడపట మొగలిరేకుతో మెఱుగుపెట్టుదురు. “నునుపు చేయకుండ లక్క పెట్టినచో నేమగును?” అని యడిగితిమి. “గరుకు దాగదమ్మగారూ, ఇంకా బాగా కనబడుతుంది” అని అతడు నవ్వెను. మా బానెట్టు కన్నులకు కట్టినది.

ఇంటికి వచ్చి మా వారితో ఈ మాట చెప్పగా, “శ్రమ సరిగానే పడితిమి, క్రమమే తప్పితిమి” అనిరి. ఆ క్రమము నిద్దఱమును నేర్చుకొంటిమి. దానిని మీకును తెలిపెదము.

ఇప్పటి కార్లలో చాలవఱకు రంగుపై నొక పారదర్శకమైన పూత యుండును. అది మన తలవెండ్రుకకంటెను పలుచన. పాలిష్ అనునది ఆ పూతను రవంత అరగదీసి గీతలను చదునుచేయును. మైనమో, దానిపై చేరి కాపాడును. ఒకటి తీసివేయునది, మఱియొకటి చేర్చునది. కావున తీసివేయుట ముందు, చేర్చుట వెనుక. మైనముమీద పాలిష్ రుద్దినచో మైనమంతయు వ్యర్థమగును. దుమ్ముమీద రుద్దినచో దుమ్మే గీతలు గీయును. అభ్యంగనమున నూనె, నలుగు, నీళ్లు అయిన పిమ్మటనే గదా బొట్టు పెట్టుకొందుము! బొట్టు పెట్టుకొని నలుగు రుద్దుకొను వారెవ్వరు?

పని నీడలో, రేకు చేతికి చల్లగా తగులునప్పుడే మొదలిడవలెను. మొదట మంచినీళ్లతో దుమ్మును కడిగివేసి, రెండు బాల్చీలు పెట్టుకొనవలెను: ఒకదానిలో కారుషాంపూ నీరు, రెండవదానిలో గుడ్డ జాడించుటకు మంచినీరు. పైకప్పునుండి క్రిందికి కడుగవలెను. పాత్రలు తోము సబ్బు వలదు. అది పాత మైనమును పోగొట్టును. మైక్రోఫైబరు గుడ్డతో తడి యద్దిన పిమ్మట అఱచేతితో తడిమి చూడుడు. గరుకు తగిలినచో, కడుగుటతో పోని మలినము అంటుకొన్నదని యెఱుగవలెను. అప్పుడు కారునకై అమ్ము క్లేముద్దను, దానికి తగిన జాఱుడు ద్రవము చల్లి, మెల్లగా నడపవలెను. ముద్ద నేలపై పడినచో మరల వాడరాదు.

తరువాత పాలిష్, అదియు గీతలున్నచోటనే. తొలుత సన్ననిదానిని ఒక మూల జానెడు మేర రుద్ది చూడవలెను. చాలనిచో ముదుకదానిని రుద్ది, దానిపై మరల సన్ననిదానిని రుద్దవలెను. అంచులయొద్ద చేయి తేలికగా నుండవలెను. మాకు పోయినది అచ్చటనే. పాలిష్ జిడ్డును శుభ్రముగా తుడిచిన పిమ్మట, కడపట మైనము. మేలైన మైనములలో బ్రెజిలుదేశపు తాటిజాతి చెట్ల ఆకులనుండి తీయు కార్నోబా యుండును. దానిని పలుచగా పూయవలెను. మందముగా పూసినచో మెఱుగు హెచ్చదు, తుడుచు కష్టమే హెచ్చును. అది ఆరి మసకబారిన పిమ్మట వేఱొక శుభ్రమైన గుడ్డతో తుడువవలెను. నల్లని ప్లాస్టికు భాగములకు అంటనీయరాదు. తెల్లని మరకలు పడును.

మైనమును రెండుమూడు నెలల కొకమాఱు పూయవచ్చును. పాలిష్ మాత్రము అరుదుగానే. అరిగిన పూత మరల పెరుగదు గదా! సముద్రపుగాలి వీచు మా వైపువారు కారును తఱచుగా కడుగుట మేలు. కాకిరెట్టను నాటికి నాడే తడిపి తీయవలెను. ఎండనిచ్చినచో మచ్చ పడును.

మొన్నటి సంక్రాంతికి ఈ క్రమముననే చేసితిమి. రెండవ బాల్చీ మోసికొనివచ్చినది మా యమ్మాయియే. పని ముగిసిన పిమ్మట మా వారు వీణకై క్రొత్త డబ్బీ నొకదానిని అలమరలో పెట్టిరి. ఈ నెల ఇంటిఖర్చులలో మిగిలినది అందులో వేసితిమి.