ప్లీడరు గారి నంబరు

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో హంటింగ్‌డన్ అనే చిన్న పట్నం ఉంది. జనాభా సుమారు ఏడు వేలు. కౌంటీ కేంద్రం కాబట్టి అక్కడ కోర్టు ఉంది, కోర్టును నమ్ముకున్న కొద్దిమంది లాయర్లున్నారు, వాళ్లకొక బార్ అసోసియేషన్ ఉంది. ఆ అసోసియేషన్‌కు కింబర్లీ కిచెన్ అనే ఆవిడ అధ్యక్షురాలిగా పనిచేసింది. వీలునామాలు, ట్రస్టులు, వారసత్వపు ఆస్తులు ఆమె చూసే పని. ఊళ్లో పేరున్న లా ఫర్మ్‌లో భాగస్వామి స్థాయికి ఎదిగింది. అలా దాదాపు పదేళ్లు గడిచాక తేలింది, ఆవిడ న్యాయశాస్త్రం చదవనే లేదని. డ్యూకేన్ యూనివర్సిటీలో చదివినట్టు కాగితాలు, బార్ పరీక్ష పాసైనట్టు ఫలితం, లైసెన్సు, ఆఖరికి లాయర్ల రిజిస్ట్రేషన్ రుసుము కట్టినట్టు చూపిన చెక్కు కూడా సృష్టించినవే. 2016 మార్చిలో నేరం రుజువైంది. జులైలో రెండు నుంచి అయిదేళ్ల జైలుశిక్ష పడింది.

ఆ రాష్ట్రంలో లాయర్ల జాబితా రహస్యమేమీ కాదు. సుప్రీంకోర్టు క్రమశిక్షణ బోర్డు వెబ్‌సైటులో పేరు కొడితే ఆ లాయరుకు లైసెన్సు ఉందో లేదో ఎవరికైనా కనబడుతుంది. చూడాలని తోస్తేనే చూస్తారు. రోజూ ఎదురుపడే మనిషి, జడ్జి గారు పేరు పెట్టి పిలిచే మనిషి, తోటి లాయర్లే అధ్యక్షురాలిగా ఎన్నుకున్న మనిషి విషయంలో ఆ ఆలోచన ఎవరికి వస్తుంది? పెద్ద నగరంలో అయితే కొత్త మొహాన్ని అనుమానిస్తారు. చిన్న ఊళ్లో పరిచయమే ధ్రువపత్రమైపోతుంది. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

ఎందుకంటే మనవీ చిన్న ఊళ్లే. శ్రీకాకుళం జిల్లా టెక్కలి, పలాస, సోంపేట కోర్టులకు వచ్చే కక్షిదారు ప్లీడరును ఎలా ఎంచుకుంటాడో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. మేనమామ కేసు చూసిన ప్లీడరు గారని వెళతాడు. లేదా గుమస్తా మన ఊరివాడని వెళతాడు. జీడితోట గట్టు తగాదా, అన్నదమ్ముల పంపకం, తిత్లీ తుపానుకు కూలిన కొబ్బరిచెట్ల పరిహారం ఎవరి పేరున రావాలన్న పేచీ, కిడ్నీ జబ్బు ఖర్చుల కోసం ఉన్న అరెకరం అగ్రిమెంటు రాసి ఇచ్చి తర్వాత ఇరుక్కున్న బాధ, ఇవీ ఉద్దానం నుంచి వచ్చే కేసులు. కొడుకులు చెన్నైలోనో గల్ఫ్‌లోనో ఉంటారు. ముసలితండ్రి వకాల్తా మీద వేలిముద్ర వేసి, ప్లీడరు గారు చెప్పిన వాయిదాకు వస్తాడు. ఆ వకాల్తా కింద ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉంటుంది. దాన్ని ఎక్కడ సరిచూసుకోవాలో ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

ఇది టెక్కలి బార్‌ను అనుమానించి రాస్తున్న మాట కాదు. ఇక్కడి లాయర్లలో ఎక్కువమంది కష్టపడి చదివి, సీనియర్ దగ్గర ఏళ్ల తరబడి ఫైళ్లు మోసి పైకొచ్చినవాళ్లు. దొంగ పట్టాతో పక్కన నిలబడేవాడు కక్షిదారు కంటే ముందు వాళ్లనే దోచుకుంటాడు.

దేశంలో ఈ సమస్య ఎంత లోతుగా ఉందన్నదానిపై లెక్కల కంటే మాటలే ఎక్కువ వినిపించాయి. లాయర్లలో 30 శాతం నకిలీలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఛైర్మన్ మనన్ కుమార్ మిశ్రా 2015లో అన్నారు. అది అంచనా మాత్రమే. కానీ ఆ కుర్చీలో ఉన్న మనిషే అలా అన్నాడంటే లోపల తనిఖీ ఎంత పలచగా ఉందో ఊహించుకోవచ్చు. అదే ఏడాది జూన్‌లో ఢిల్లీ న్యాయశాఖ మంత్రి జితేందర్ సింగ్ తోమర్‌ను నకిలీ డిగ్రీల కేసులో పోలీసులు అరెస్టు చేశారు. బీఎస్సీ ఫైజాబాద్‌లోని అవధ్ యూనివర్సిటీ నుంచి, ఎల్‌ఎల్‌బీ బిహార్‌లోని తిల్కా మాంఝీ భాగల్పూర్ యూనివర్సిటీ నుంచి అని ఆయన చూపించిన పత్రాలు. అవి అసలైనవేనని ఆయన వాదించారు, మంత్రి పదవి మాత్రం వదులుకోవలసి వచ్చింది. విద్యార్హతల గురించి తప్పుడు వివరాలిచ్చారంటూ 2015లో ఆయన గెలిచిన ఎన్నికను ఢిల్లీ హైకోర్టు 2020 జనవరిలో రద్దు చేసింది. న్యాయశాఖకే మంత్రి అయ్యేదాకా ఆ పట్టా ఎన్ని గడపలు దాటి వచ్చిందో గమనించండి. ఆ గడపల్లో ఏదీ దాన్ని ఆపలేదు.

మన రాష్ట్రం పేరు కూడా ఈ కథలో ఉంది. క్లాసుకు వెళ్లకుండానే లా పట్టా ఇచ్చే ‘లెటర్‌ప్యాడ్ కాలేజీ’ల గురించి మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. కిరుబాకరన్ ఘాటైన ఉత్తర్వులు ఇచ్చారు. తమిళనాడువాళ్లు ఆంధ్రకూ కర్ణాటకకూ వెళ్లి పట్టాలు తెచ్చుకుంటున్నారన్నది అక్కడ వినిపించిన ఫిర్యాదు. 2022లో హైదరాబాద్ పోలీసులు నకిలీ సర్టిఫికెట్ల ముఠా కూపీ లాగుతూ పోతే భోపాల్‌లోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ దాకా అరెస్టులు వెళ్లాయి. ఆ పట్టా యూనివర్సిటీ నుంచే వచ్చింది, సంతకమూ అసలుదే, చదువొక్కటే అబద్ధం. ముద్ర అసలైనదా కాదా అని మాత్రమే చూసే తనిఖీకి ఇది ఎప్పటికీ దొరకదు.

దొంగ లాయరు దొరికాడనుకుందాం. అడ్వకేట్స్ యాక్ట్ సెక్షన్ 26 ప్రకారం, మోసం చేసి లాయర్ల జాబితా (రోల్)లోకి ఎక్కినవాడి పేరును, అతని వాదన విన్నాక, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తీసేయవచ్చు. అర్హత లేకుండా ప్రాక్టీసు చేస్తే సెక్షన్ 45 కింద ఆరు నెలల దాకా జైలు. ఫోర్జరీ కేసు వేరే. అతన్ని ఏం చేయాలో చట్టంలో ఉంది. అతన్ని నమ్మి కేసు ఓడిపోయిన ముసలాయన తోట సంగతేమిటి? జైలుకెళ్లిన ముద్దాయి సంగతేమిటి?

దీనికి దగ్గరగా వచ్చిన పెద్ద తీర్పు తెలుగునేల మీద పుట్టిన కేసులోనిదే. గోకరాజు రంగరాజు వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, 1981. ఒక అదనపు సెషన్స్ జడ్జి నియామకం చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. నియామకమే చెల్లనప్పుడు ఆయన అంతకుముందు చెప్పిన తీర్పులు ఎలా చెల్లుతాయన్నది ప్రశ్న. జవాబు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్లిన న్యాయమూర్తే. నియామకంలో లోపమున్నా ఆయన చట్టం పేరుతోనే ఆ పీఠం మీద కూర్చున్నాడు, జనం ఆ నమ్మకంతోనే ఆయన ముందుకు వచ్చారు, అందువల్ల ఆ తీర్పులు నిలుస్తాయని చెప్పారు. న్యాయమూర్తికి మేలు చేయడానికి పుట్టిన సూత్రం కాదిది. తీర్పుల మీద ఆధారపడి బతుకులు దిద్దుకున్న జనం కోసం పుట్టింది. ఏ అధికారమూ లేకుండా చొరబడినవాడికి మాత్రం ఇది వర్తించదని అందులోనే ఉంది.

న్యూజిలాండ్ ఈ చిక్కును దాదాపు తొంభై ఏళ్ల ముందే చూసింది. ఎడ్వర్డ్స్ అనే జడ్జి నియామకం చెల్లదని 1892లో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. ఆయన శిక్ష వేసిన ఆల్‌డ్రిడ్జ్ అనే ఖైదీ, అయితే నన్ను వదలండన్నాడు. 1893లో అక్కడి కోర్టు వదల్లేదు.

ఈ రెండు చోట్లా దొంగ కాగితం లేదు. లోపం నియమించినవాళ్లది. అసలు తేడా ఇంకోటుంది. జడ్జి ఇద్దరికీ మధ్యలో కూర్చుంటాడు, లాయరు ఒకరి పక్షాన నిలబడతాడు. నా తరఫున నిలబడినవాడే లాయరు కాదంటే నా మాట కోర్టుకు చేరిందా?

1983లో అమెరికాలో రెండో సర్క్యూట్ అప్పీల్ కోర్టు ముందుకు సరిగ్గా ఇదే వచ్చింది. సొలీనా అనే వ్యక్తి బ్యాంకు దోపిడీ కేసులో శిక్ష పడినవాడు. అతని తరఫున వాదించినవాడు లా డిగ్రీ చేశాడు గానీ బార్ పరీక్ష గట్టెక్కలేదు. సాక్ష్యాలు సొలీనాకు వ్యతిరేకంగా గట్టిగానే ఉన్నాయి. అయినా జడ్జి హెన్రీ ఫ్రెండ్లీ ఆ శిక్ష నిలవదన్నారు. ఆయన చూపిన కారణాల్లో ఒకటి నాకు ఎంతో విలువైనదనిపిస్తుంది. తన గుట్టు బయటపడుతుందేమోనన్న భయంతో ఉన్నవాడు కక్షిదారు కోసం గట్టిగా పోరాడలేడు. గట్టిగా పోరాడితే ఎదుటి పక్షం అతని పూర్వాపరాలు తవ్వవచ్చు. అంటే ఆ లాయరు లాభమూ కక్షిదారు లాభమూ మొదటి రోజే విడిపోయాయి. అతను ఎంత తెలివిగా వాదించాడన్న కొలతతో దీనికి పనిలేదు. ఫీజు కట్టడం మరిచి లైసెన్సు ఆగిన లాయర్ల విషయంలో అక్కడి కోర్టులు ఇంత దూరం వెళ్లవు. భయం ఉన్న చోటే ఈ సూత్రం.

మన అడ్వకేట్స్ యాక్ట్‌లో కక్షిదారు గురించి ఇలాంటి మాట కనిపించదు. సెక్షన్ 35 కింద ఫిర్యాదు రోల్‌లో ఉన్న లాయరు మీదే. లాయరు సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది. మిగిలేది చీటింగ్ కేసు పెట్టడమో, నష్టపరిహారానికి సివిల్ దావా వేయడమో, పై కోర్టులో అప్పీలుకు ఆలస్యాన్ని మన్నించమని వేడుకోవడమో. అంటే ఒక దొంగ లాయరు వల్ల నష్టపోయిన రైతు ఇంకో లాయరును పెట్టుకుని మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. తన లాయరు నకిలీ అని అధికారికంగా తేలిన కక్షిదారుకు, గడువు దాటినా, కేసు తిరిగి వినమని అడిగే హక్కు చట్టంలోనే రాసి ఉండాలి. ప్రతి తీర్పూ కొట్టేయాలని నేను అనను. ఎదుటి పక్షం తప్పు చేయలేదు కాబట్టి వాళ్ల మాటా వినాలి. కానీ అడిగే హక్కు ఉండాలి, ఫీజు లేకుండా ఉండాలి.

ఆరోపణకూ రుజువుకూ మధ్య దూరం మరవకూడదు. నేపాల్ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న గోపాల్ పరాజులి రికార్డుల్లో పుట్టిన తేదీలు వేర్వేరుగా ఉన్నాయని పత్రికలు రాస్తే, కోర్టు ధిక్కారం కేసు పెట్టారు. చివరికి 2018 మార్చి 14న, ఆయనకు పదవీ విరమణ వయసైన 65 ఏళ్లు అంతకుముందు ఆగస్టులోనే నిండాయని న్యాయమండలి కార్యదర్శి ఉత్తరం పంపారు. అదే రోజు పరాజులి దేశాధ్యక్షురాలితో ప్రమాణం చేయించారు. పత్రాల్లో ఏముందో తేల్చే తటస్థ వ్యవస్థ ముందే ఉంటే వ్యవహారం వీధికెక్కేది కాదు. చిన్న ఊరి బార్‌లో ఇది ఇంకా ప్రమాదం. ఎన్నికల కోపంతోనో కులపు కక్షతోనో ఎవరి పట్టా మీదనైనా పుకారు లేపవచ్చు. అసలైన పట్టా ఉన్న యువ లాయరు ఏడాది పాటు నిజం నిరూపించుకుంటూ కూర్చుంటే, ఈలోపు కేసులు పోతాయి. అందుకే తనిఖీ మనిషి మీద అనుమానంతో మొదలవకూడదు. అందరికీ ఒకేలా, ఎవరూ అడగకముందే జరగాలి.

దీనికి బాట మన సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 10న వేసింది. జస్టిస్ దీపక్ గుప్తా అధ్యక్షతన కమిటీ వేసి, యూనివర్సిటీలూ పరీక్షా బోర్డులూ లాయర్ల పట్టాలను రుసుము తీసుకోకుండా, జాప్యం లేకుండా సరిచూసి చెప్పాలని ఆదేశించింది. రుసుము వద్దన్నది చిన్న మాట కాదు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలు దాటకూడదని అదే కోర్టు 2024 జులైలో చెప్పింది కూడా. బారువ వైపు మత్స్యకార కుటుంబం నుంచి లా చదివి వచ్చిన మొదటి అమ్మాయి మీద, దొంగలను పట్టే ఖర్చు వేయకూడదు.

బ్రిటన్ నుంచి నేర్చుకోవలసింది కూడా ఉంది. జోలియా అలేమీ న్యూజిలాండ్ మెడికల్ పట్టాను ఫోర్జరీ చేసి రెండు దశాబ్దాల పాటు సైకియాట్రిస్టుగా పనిచేసింది. 2018లో ఒక వీలునామా మోసం కేసులో శిక్ష పడ్డాక, ఒక స్థానిక పత్రికా విలేకరి తవ్వితే పట్టా సంగతి బయటపడింది. 2023లో ఏడేళ్ల శిక్ష పడింది. అక్కడి మెడికల్ కౌన్సిల్ ఆమెను తీసేసి ఊరుకోలేదు. అదే దారిన రిజిస్టరులోకి వచ్చిన సుమారు 3,000 మంది డాక్టర్ల పత్రాలు మళ్లీ చూసింది. మనం ఒక దొంగను పట్టుకుని ఫొటో వేయించి ఆగిపోతాం. అదే కాలేజీ, అదే ఏడాది, అదే దళారీ ద్వారా వచ్చిన మిగతా పట్టాల జోలికి వెళ్లం.

టెక్కలిలో ఢిల్లీ కోసం ఆగకుండా చేయగలిగినవి ఉన్నాయి. బార్ అసోసియేషన్ తన సభ్యుల పేర్లు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్లు, చేరిన ఏడాది తెలుగులో రాసిన బోర్డు కోర్టు ఆవరణలో పెట్టవచ్చు. రాష్ట్ర బార్ కౌన్సిల్ తనిఖీ పూర్తయినవాళ్ల పేర్ల పక్కన గుర్తు వేయవచ్చు. న్యాయ సేవల కమిటీ వలంటీర్లు ఉద్దానం ఊళ్లకు వెళ్లినప్పుడు ఉచిత న్యాయసహాయం గురించి చెప్పినట్టే, వకాల్తా మీది నంబరు ఏమిటో, దాన్ని ఎవరినడిగి సరిచూసుకోవాలో చెప్పవచ్చు. ప్లీడరు గారిని నంబరు అడగడం మర్యాద తక్కువ కాదని ఆ ప్లీడరు గారే ముందు చెప్పాలి.

చట్టం మార్చవలసిన పని మాత్రం పైనే ఉంది. అడ్వకేట్స్ యాక్ట్ సవరణ ముసాయిదాను కేంద్రం 2025 ఫిబ్రవరిలో బయటపెట్టి, లాయర్ల నిరసనతో అదే నెలలో వెనక్కి తీసుకుంది. నిరసనకు తగిన కారణాలున్నాయి, బార్ స్వతంత్రత అందులో మొదటిది. మళ్లీ రాసేటప్పుడు లాయర్ల సంఘాలు తమ హక్కుల కోసం పెట్టే విన్నపంలోనే, నకిలీ లాయరు చేతిలో కేసు పోగొట్టుకున్నవాడు తిరిగి వినమని అడిగే సెక్షన్‌ను కూడా చేర్చమని రాయాలి. ఆ విన్నపం టెక్కలి బార్ నుంచి మొదలు కావచ్చు.