మన దరువు మనమే విందాం

వార్షికోత్సవం దగ్గర పడితే మన హాస్టల్‌లో అందరి నోటా ఒకటే ప్రశ్న: సౌండ్ బాక్సులు ఎన్ని తెద్దాం? ఒక్క రాత్రి మోగి మరునాడు పోయే ఆ బాక్సుల కిరాయిలో కొంత మిగిల్చి, ఏండ్లపాటు పనికొచ్చే చిన్న రికార్డర్ ఒకటి కొనాలని పాత విద్యార్థులుగా మేము కోరుతున్నాం. డప్పు నేర్చుకునే తమ్ముళ్లకు గురువు తర్వాత గురువు అదేనని మా అభిప్రాయం.

వాయించేటప్పుడు మన ధ్యాసంతా చేతుల మీదే ఉంటుంది. దరువు ఎక్కడ ఉరికిందో, ఎక్కడ జారిందో అప్పుడు తెలియదు. రికార్డు చేసి వింటే మన చెవులకే దొరికిపోతుంది. తప్పును ఇంకొకరు చెబితే పౌరుషం వస్తుంది. రికార్డర్ చెబితే ఎవరితో కొట్లాడతాం?

'జేబులో ఫోన్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?' అని కొందరు అడగవచ్చు. ఫోన్‌ను ముఖ్యంగా మాటల కోసం తయారు చేశారు. చాలా ఫోన్లు చిన్న శబ్దాన్ని పెంచి, పెద్ద శబ్దాన్ని తగ్గించి, రెండింటినీ ఒక్క తీరుకు తెస్తాయి. మాటకు అది మేలే, డప్పుకు మాత్రం కీడు. చిర్ర దెబ్బకూ సిటికెన పుల్ల దెబ్బకూ ఉన్న తేడాలోనే దరువు ఉంది. ఆ తేడా చెరిగిపోతే విని దిద్దుకోవడానికి ఏం మిగులుతుంది? పాఠాలు రికార్డు చేసుకోవడానికి అమ్మే చౌక రికార్డర్లలో చాలావాటిదీ ఇదే కథ.

కాబట్టి కొనేటప్పుడు మూడు సంగతులు చూడాలి. మొదటిది, శబ్దం ఎంత తీసుకోవాలో మన చేత్తో పెట్టుకునే వీలుండాలి. జూమ్, టాస్కామ్ కంపెనీల చిన్న రికార్డర్లలో ఇలాంటివి ఉన్నాయి. డప్పుకు ఏడెనిమిది అడుగుల దూరంలో పెట్టి, అన్నిటికన్నా గట్టి దెబ్బ కొట్టి, మీటర్ మైనస్ 6 దాటకుండా సరిచేసుకుంటే దెబ్బ పగలదు. రెండోది, ఏ దుకాణంలోనైనా దొరికే పెన్సిల్ సెల్లుతో నడవాలి. ఒక్క ప్లగ్గు కోసం వరుస కట్టే వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. మూడోది, మెమరీ కార్డు, ఇయర్‌ఫోన్ పెట్టుకునే వీలు ఉండాలి. వేవ్ ఫైలుకు నిమిషానికి సుమారు 10 ఎంబీ పడుతుంది, 16 జీబీ కార్డులో పాతిక గంటల సాధన నిలుస్తుంది. ఇయర్‌ఫోన్‌తో వింటే పక్కన చదువుకునే వాళ్లకు ఇబ్బంది ఉండదు. ఇక గోలేటి బొగ్గు దుమ్ము నుంచి దాన్ని కాపాడుకోవడం మన బాధ్యత.

ఇది సాధనతో ఆగేది కాదు. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి కోయ వంశ చరిత్రలు నోటికి వచ్చు. 2022లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2024లో కన్నుమూశారు. మన జిల్లా మార్లవాయి గుస్సాడి గురువు, 2021 పద్మశ్రీ కనకరాజు గారు కూడా అదే ఏడాది వెళ్లిపోయారు. వారి పేర్లు లోకానికి తెలిశాయి. మన తాతల దరువులు ఎవరికి తెలుసు? పెళ్లి దరువు, చావు దరువు, బోనాల దరువు, ఊరికొక తీరు. సెలవులకు ఇంటికి పోయే తమ్ముడు రికార్డర్ వెంట తీసుకుపోయి, తాతను అడిగి, ఊరి పేరూ తేదీ చెప్పి ఒక గంట రికార్డు చేసుకొస్తే అదే మన గ్రంథాలయం.

మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేము. పట్టా రాగానే డప్పు మాట ఎత్తడానికే మొహమాటపడేవారు మాలో ఉన్నారు. డప్పును వెట్టిగా మన మీద మోపిన రోజులు గుర్తుండటం వల్లనే ఆ సిగ్గు. వెట్టిని వదలాల్సిందే, విద్యను ఎందుకు వదలాలి? తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద తలెత్తుకొని మోగింది ఆ డప్పే కదా!

ఒక్క మనవి. కొన్న రికార్డర్ బీరువాలో తాళం కింద ఉంటే కొననట్టే. ఒక రిజిస్టర్ పెట్టి, ఇద్దరు విద్యార్థులకు బాధ్యత అప్పగించి, అడిగిన వారికి ఇవ్వాలి. పాత విద్యార్థులం తలా కొంత వేసుకుంటాం. తమ్ముళ్లారా, ఈసారి రెండు బాక్సులు తగ్గించండి.