బంపరుకు మాటేశాను

మాది లాల్‌దర్వాజా. మా గల్లీలో ఎదురుగా ఆటో వస్తే ఇద్దర్లో ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. రెండేళ్ళ కిందట ఓ వేసవి సాయంత్రం ఇద్దరమూ పోలేదు. ఫలితం... నా కారు ముందు బంపరు ఎడమ మూల జానెడు పొడుగున చిట్లింది. దాని కింద ఉండే నల్ల ప్లాస్టిక్ పట్టీ లాకులు విరిగి వేలాడింది.

సర్వీస్ సెంటరు పేరెందుకు లెండి. అక్కడి కుర్రాడు వంగి కూడా చూడలేదు. "ప్లాస్టిక్ కద సార్, రిపేర్ ఉండదు. మొత్తం మార్చుడే. ఇన్సూరెన్స్ ఉందిగా" అన్నాడు. ఆ "ఉందిగా" దగ్గరే మనవాళ్ళు చాలామంది సంతకం పెట్టేస్తారు. నేనూ పెన్ను తీశాను గానీ, ఎందుకో రేపు చెప్తానని వచ్చేశా.

ఇంటికొచ్చి పాలసీ కాయితాలు చదివా (చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కే జాతి మనది, ఇది మాత్రం చదివా). జీరో డిప్రిసియేషన్ తీసుకోకపోతే ప్లాస్టిక్ భాగాల ఖరీదులో సగం తరుగు కింద మనమే పెట్టుకోవాలి. దానిమీద కంపల్సరీ డిడక్టబుల్ అని 1500 సీసీ దాటని కారుకి 1,000 రూపాయలు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ నో క్లెయిమ్ బోనస్. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, అలా పెరుగుతూ వరసగా ఐదేళ్ళకి 50 శాతం దాకా ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు. విడిగా యాడ్-ఆన్ కొనుక్కుంటే తప్ప, ఒక్క క్లెయిముతో అది సున్నా. అంటే ఐదేళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపింది జానెడు పగులుకి ధారపొయ్యాలన్నమాట!

సరే, నేనే చూసుకుంటానని ఆదివారం గమ్ తెచ్చి అతికించా. సోమవారం గచ్చిబౌలి చేరేలోపే ఊడింది.

మా పక్కింటాయన లాడ్‌బజార్ దుకాణాలకి లక్క గాజులు చేస్తాడు. అదేనండీ, 2024లో జీఐ గుర్తింపు వచ్చిన గాజులు. లక్కని నిప్పు సెగకి మెత్తబరిచి, అది వేడిగా ఉండగానే రాళ్ళు పొదుగుతారు. నా అవస్థ చూసి ఆయన ఒక్కటే మాటన్నాడు: "గమ్ నక్కో బేటా, గరమ్ కర్‌కే జోడ్". అతికించకు, కరిగించి కలుపు అని.

అప్పుడు బంపరు విప్పి తిరగేసి చూశా. లోపలివైపు బాణం గుర్తుల మధ్య అచ్చు పోసి ఉంది... పీపీ, ఈపీడీఎం, టీడీ20. అంటే పాలీప్రొపిలీన్‌లో రబ్బరు కలిపి, 20 శాతం టాల్కు పొడి చేర్చారని. పాలీప్రొపిలీన్ మీద మామూలు గమ్ తామరాకు మీద నీటిబొట్టే, పట్టుకోదు. కానీ 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చల్లారితే మళ్ళీ గట్టిపడుతుంది. ఏబీఎస్ అని ఉంటే కథ వేరే, దాన్ని అసిటోన్ కూడా కరిగించి కలుపుతుంది.

బంపరునీ పట్టీనీ డాబా మీదికి మోసుకెళ్ళా. పగులు చివర చిన్న బెజ్జం వేశా, ఇంకా ముందుకి పాకకుండా. లోపలివైపు స్టెయిన్‌లెస్ స్టీలు దోమల జాలీ ముక్క పెట్టి, సోల్డరింగ్ ఐరన్‌తో ప్లాస్టిక్‌లోకి కూరుకుపోయేలా నొక్కా. బయటివైపు పగులు వెంట గాడి తీసి, అడుగున త్రిభుజంలో 5 అంకె ఉన్న పాత డబ్బా ముక్కలు కరిగించి నింపా. 5 అంటే అదీ పాలీప్రొపిలీనే. కొందరు కేబుల్ టై ముక్కలు వాడమంటారు, వినకండి. అవి నైలాన్, దీనితో కలవవు. పొగ వచ్చిందంటే కరగడం కాదు, మాడడం. గాలాడే చోటే చెయ్యండి. రంగు వేసేముందు ప్లాస్టిక్ ప్రైమర్ తప్పనిసరి.

అమ్మ చూసి "ఇంజినీరింగ్ చదివి బకెట్లకి మాట్లేసేవాడి పని నేర్చావన్నమాట" అంది. నిజమే, అదే పని.

అన్నిటికీ మాటు వెయ్యమని నేననను. వెనకున్న ఇనప కడ్డీ వంగినా, సెన్సార్లకో హెడ్‌లైటు బిగించే చోటికో దెబ్బ తగిలినా వర్క్‌షాపుకే వెళ్ళాలి. నా గొడవల్లా ఆ "రిపేర్ ఉండదు" అనే మాటతోనే. ఉంటుంది. కాకపోతే దానికి ఒక మనిషి సగం పూట కూర్చోవాలి, కొత్తది బిగించడానికి అంతసేపు పట్టదు. అది వాళ్ళ లెక్క. దాన్ని ప్లాస్టిక్ గుణం అని మనకి చెప్పడమే అన్యాయం. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో వాహనాలూ ఉన్నాయి. మంచిదే. కానీ వస్తువుని తిరగేసి చూసే అలవాటు ఏ పోర్టలూ ఇవ్వదు కదా? ప్రొడక్షన్‌లో బగ్ వస్తే, లాగ్ చూడకుండా సర్వరే మార్చేద్దామన్నవాణ్ణి మనం ఊరుకుంటామా?

రెండు వానాకాలాలు గడిచాయి. మాటు కదల్లేదు. ఎండ పడితే మచ్చ కనిపిస్తుంది, కాదనను. ఆఫీసు పార్కింగులో ఎవరైనా "ఇంకా మార్పించలేదా?" అంటే, "బాగైంది కదా, ఎందుకూ?" అంటున్నా.

ఇంతకీ మీ బండి బంపరు లోపల ఏం రాసుందో ఎప్పుడైనా చూశారా?